జంట పట్టాల చదువు

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం అభ్యసించి, 1930లో హార్వర్డులో డాక్టరేటు పొందారు. వైద్యాన్నీ పరిశోధననూ కలిపి నేర్పడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1964లో ఒక శిక్షణ పథకాన్ని ఆరంభించాయి. ఇందులో ఎం.డి., పిహెచ్.డి. పట్టాలు రెండూ లభిస్తాయి. అక్కడి ఎం.డి. మన ఎం.బి.బి.ఎస్. వలె తొలి వైద్యపట్టా. చదువుకు దాదాపు 8 ఏళ్ళు పడుతుంది. చాలాచోట్ల బోధనరుసుము ఉండదు. జీవనభృతి కూడా ఇస్తారు. అయితే ఒక్కొక్క విద్యాలయం ఏటా చేర్చుకొనేది కొద్దిమందినే.

కనుక దరఖాస్తు చేయదలచిన విద్యాలయాల జాబితాను అభ్యర్థి తూకంగా కూర్చుకోవాలి. పేరుమోసినవాటినే ఎంచుకుంటే ఏదీ దక్కకపోవచ్చు. సులువనుకున్నవాటితోనే సరిపెట్టుకుంటే అర్హతకు తగిన అవకాశం చేజారవచ్చు. ప్రవేశపరీక్ష మార్కులను, పరిశోధనానుభవాన్ని బేరీజు వేసుకొని రెండు రకాలనూ చేర్చుకోవాలి. తనకు ఆసక్తిగల అంశంపై కృషిచేసే ఆచార్యులు అక్కడ పలువురు ఉన్నారా అని విచారించాలి. ఒక్కరినే నమ్ముకొని చేరితే, వారు వేరొకచోటికి వెళ్ళినప్పుడు పరిశోధన కుంటుపడుతుంది.

మన విద్యార్థులు మరొకటి గమనించాలి. ఆ పథకపు ప్రభుత్వధనం అమెరికా పౌరులకు, శాశ్వతనివాసులకే వర్తిస్తుంది. అందుచేత విదేశీయులను చేర్చుకొనే విద్యాలయాలను ముందుగా గుర్తించాలి. ఎనిమిదేళ్ళ యౌవనాన్ని వెచ్చించే చోటును పేరును బట్టి కాక, చేయదలచిన పనిని బట్టి ఎంచుకోవడమే వివేకం.

ప్రశ్న: విద్యాలయాల జాబితాలో తూకం ఎందుకు అవసరం?