వీఎంస్టాట్ మొదటి లైన్‌ని నమ్మొద్దు: వర్చువల్ మెషీన్‌లో సీపీయూ లెక్క ఇలా సరిచేసుకోండి

ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తిపోతోంది. వర్చువల్ మెషీన్‌లోని ఉబుంటులో మౌస్ కూడా సరిగా కదలట్లేదు. టెర్మినల్ తెరిచి వీఎంస్టాట్ అని కొడితే మాత్రం సీపీయూ 99 శాతం ఖాళీ అంటోంది! టూల్ పాడైందనుకోకండి, అది చెప్పేది వేరే లెక్క.

‘ఇప్పుడు సీపీయూ ఎంత శాతం’ అనేది లినక్స్ కెర్నల్ ఎక్కడా రాసిపెట్టదు. బూట్ అయినప్పటి నుంచి పనికి ఎంత సమయం పోయింది, ఖాళీగా ఎంత గడిచింది అని కూడుకుంటూ పోతుంది, అంతే. బైక్ ఓడోమీటర్ లాంటిదన్నమాట. స్పీడ్ తెలియాలంటే రెండుసార్లు చూసి తేడా తీయాలి. మొదటిసారి తేడా తీయడానికి పాత రీడింగ్ ఉండదు కాబట్టి వీఎంస్టాట్ బూట్ నుంచి సగటు చూపిస్తుంది. 10 గంటలు ఊరికే ఉన్న మెషీన్ చివరి 6 నిమిషాలు ఫుల్ లోడ్‌లో ఉన్నా, ఆ సగటు 1 శాతం దాటదు.

అందుకే ‘వీఎంస్టాట్ 1 5’ అని రన్ చేసి మొదటి లైన్ వదిలేయండి. లేదా మైనస్ వై ఆప్షన్ ఇస్తే ఆ లైనే రాదు. ఐయోస్టాట్‌లోనూ ఇదే ఆప్షన్ ఉంది. అన్నట్టు, మొదటి లైన్‌లో మెమరీ అంకెలు మాత్రం అప్పటికప్పటివే, వాటిని నమ్మొచ్చు.

సొంతంగా మానిటర్ రాసేవాళ్లకు ఇదే తప్పు తిరగబడి వస్తుంది. లిబ్‌వర్ట్ ఇచ్చే సీపీయూ టైమ్ కూడా మొత్తమే, నానోసెకన్లలో ఉంటుంది. పాత విలువని సున్నాతో మొదలుపెట్టారనుకోండి. అప్పటికే 3,600 సెకన్ల సీపీయూ వాడిన మెషీన్‌ని 1 సెకను గ్యాప్‌తో లెక్కిస్తే 3,60,000 శాతం వస్తుంది! రెండు వీసీపీయూలకి గరిష్ఠం 200 శాతమే కదా. అలర్ట్ పెట్టుకుని ఉంటే అర్ధరాత్రి ఫోన్ మోగడం ఖాయం.

మొదటి రీడింగ్‌ని దాచుకోండి, చూపించకండి. రెండోసారి 3,600.5 వస్తే తేడా అర సెకను, అంటే ఒక కోర్‌లో 50 శాతం. భాగించేటప్పుడు 1 సెకను అని గుడ్డిగా వేయకుండా నిజంగా గడిచిన సమయాన్ని కొలవండి, స్లీప్ ఎప్పుడూ కాస్త ఎక్కువే తీసుకుంటుంది. మెషీన్ రీస్టార్ట్ అయితే కౌంటర్ మళ్లీ మొదటికొస్తుంది. కొత్త విలువ పాతదానికంటే తక్కువగా కనిపిస్తే తేడా తీయకుండా, దాన్నే కొత్త బేస్‌గా పెట్టుకోండి.

ఇక ఆ మొదటి సెకనులో స్క్రీన్ మీద 0 చూపించకండి, అదీ అబద్ధమే. ఒక గీత పెడితే చాలు.