నీళ్ళు రావాల్సిన గొయ్యి – నీళ్ళు రాకూడని గొయ్యి

ఈ నెల గోడపత్రికకు నేను భూగర్భజలం గురించి పాఠం రాస్తున్నాను. పుస్తకంలోది కొంత, మా గూడెంలో చూసింది కొంత కలిపి రాశాను. మాది శబరి ఒడ్డు. నిలబడి చదవాలి కాబట్టి ముక్కలు ముక్కలుగా విడదీసి రాశాను.

మన ఇళ్ళ దగ్గర లోతుగా తవ్వే గోతులు రెండు రకాలు. ఒకటి బావి. నీళ్ళు రావాలని తవ్వుతాం. రెండోది మరుగుదొడ్డి గొయ్యి. అందులో నీళ్ళు ఊరకూడదు. అయితే నేల కింద నీళ్ళకు ఇది బావి, ఇది దొడ్డి అనే తేడా తెలియదు. రెండిట్లోకీ ఒకే నీళ్ళు వస్తాయి. ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

1. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

వాన కురిస్తే కొంత నీరు వాగులోకి పోద్ది, కొంత భూమిలోకి ఇంకుద్ది. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ ఒకచోట ఆ సందులన్నీ నీళ్ళతో నిండి ఉంటాయి. అలా నిండిన భాగానికి పై అంచునే నీటిమట్టం అంటారు. నేల కింద పెద్ద చెరువు ఉంటుందని చాలామంది అనుకుంటారు. చెరువు కాదు, నీళ్ళు పోసిన ఇసుక డబ్బా లాగా ఉంటుంది.

ఎండాకాలంలో వాగు ఇసుకలో చెలమ తీస్తాం గదా. కొంచెం లోతు తియ్యగానే నీళ్ళు ఊరి ఒకచోట ఆగుతాయి. అదే అక్కడి నీటిమట్టం. ఇంకా లోతు తియ్యబోతే పక్కల ఇసుక జారి చెలమ పూడిపోద్ది. ఇంటి దగ్గర గొయ్యిలో కూడా జరిగేవి ఈ రెండే. నీళ్ళు ఊరడం, పక్కలు జారడం.

నీటిమట్టం ఏడాదంతా ఒకేచోట ఉండదు. వానలకు లేస్తుంది, ఎండలకు దిగుతుంది. ఏరు నిండితే ఒడ్డు ఊళ్ళలో నేల కింద నీరు కూడా లేస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అందుకని గోదావరి పోటు మీదుంటే శబరి నీళ్ళు కూడా వెనక్కి తన్నుతాయి.

2. తోడితే అయిపోతాయా?

లెక్క చేద్దాం. 3 అడుగుల వెడల్పు గుండ్రని గొయ్యి. వ్యాసార్ధం 1.5 అడుగులు. అందులో ఒక అడుగు ఎత్తు నీళ్ళు నిలిస్తే 3.14 × 1.5 × 1.5 × 1 = సుమారు 7 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగుకు 28 లీటర్ల పైచిలుకు. అంటే మొత్తం సుమారు 200 లీటర్లు. 10 లీటర్ల బకెట్లయితే 20.

ఇరవై బకెట్లే గదా అనుకోవద్దు. మనం తోడుతుంటే అవి ఊరుతూనే ఉంటాయి. ఫ్రాన్స్ దేశపు ఇంజనీరు డార్సీ 1856లో ఇసుక గుండా నీరు ఎంత వేగంగా పోతుందో లెక్క కట్టి చెప్పాడు. ఆ చివర నీటి ఎత్తుకూ ఈ చివర నీటి ఎత్తుకూ తేడా పెరిగేకొద్దీ నీరు అంత జోరుగా పారుతుంది. కాబట్టి గొయ్యి ఎంత ఖాళీ చేస్తే అంత జోరుగా ఊట వస్తుంది. రేగడి నేలలో నెమ్మదిగా, ఇసుక నేలలో తొందరగా వస్తుంది. ఇసుక నేలలో నీళ్ళతోపాటు ఇసుక కూడా వచ్చేసి, అడుగున డొల్లపడి, పైగోడ ఒక్కసారిగా కూలుతుంది. కాబట్టి తోడడం పని జరిగేవరకే పనికొస్తుంది. తోడి నేలను ఎండబెట్టలేం.

3. బావి అయితే ఏం చెయ్యాలి?

బావికి వేసవి మట్టం చూడాలి. నీరు బాగా దిగిపోయిన ఏప్రిల్, మే నెలల్లో తవ్వాలి. అప్పుడు నీళ్ళు పడి, ఇంకా కొంత కిందికి దిగితేనే ఆ బావి ఏడాదంతా ఎండదు.

మెత్తటి నేలలో సిమెంటు ఒరలు దించుతారు. మొదటి ఒర నేల మీద పెట్టి, దాని లోపల మట్టి చుట్టూ సమానంగా తీస్తారు. ఒర తన బరువుకు తనే దిగుతుంది. దాని మీద రెండోది, దాని మీద మూడోది. ఇలా తవ్వేవాడి చుట్టూ ఎప్పుడూ గోడ ఉంటుంది. ఒకవైపే ఎక్కువ తవ్వితే ఒర వాలిపోద్ది.

ఈ జాగ్రత్తలు ప్రాణానికి సంబంధించినవి:

– గొయ్యి 5 అడుగులు దాటితే పక్కలకు ఆసరా లేకుండా దిగకూడదు. ఒక ఘనపు మీటరు తడిమట్టి ఒకటిన్నర టన్నుల పైనే ఉంటుంది. మీద పడితే ఊపిరి తీసుకోనివ్వదు.
– తీసిన మట్టి అంచునే పొయ్యకూడదు. కనీసం 5 అడుగుల అవతల పొయ్యాలి.
– నీళ్ళు తోడే డీజిల్ ఇంజను బావి లోపలికి దించకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు, వాసన రాదు, మనిషిని చంపుతుంది. కరెంటు మోటారు అయితే కరెంటు తీసేశాకే నీళ్ళలోకి దిగాలి.
– పాత బావిలో చెడుగాలి ఉంటుంది. దీపం దించితే ఆరిపోయిందంటే దిగవద్దు. ఆరలేదని ధైర్యం కూడా వద్దు, కొన్ని విషవాయువులకు దీపం ఆరదు.
– లోపల మనిషి పడిపోతే వెంటనే ఇంకొకరు దూకకూడదు. అలా ఒకరి వెనక ఒకరు చనిపోతారు. దిగేవాడి నడుముకు ముందే మోకు కట్టి ఉంచాలి. పైన ఇద్దరు ఉండాలి.

4. దొడ్డి గొయ్యి అయితే ఏం చెయ్యాలి?

దీనికి వానాకాలం మట్టం చూడాలి. ఇక్కడే అందరం మోసపోతాం. ఎందుకంటే దొడ్డి గొయ్యిని కూడా వేసవిలోనే తవ్వుతారు. అప్పుడు పొడిగా, బాగా ఉంటుంది. వానలకు అదే గొయ్యిలో నీళ్ళు లేస్తాయి. అప్పుడు గొయ్యిలోని మలం, బావి నీళ్ళు ఒకే నీళ్ళు అవుతాయి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1854లో లండన్ నగరంలో బ్రాడ్ వీధి దగ్గర కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. డాక్టర్ జాన్ స్నో ఇంటింటికీ తిరిగి, చనిపోయినవాళ్ళు ఎక్కువమంది ఒకే పంపు నీళ్ళు తాగారని కనిపెట్టాడు. ఆ పంపు పిడి తీయించారు. తర్వాత తవ్వి చూస్తే, ఒక ఇంటి మురుగు గొయ్యి ఆ బావికి మూడు అడుగుల దూరంలోనే ఉంది. గొయ్యి ఇటుకలు పాడైపోయి మురుగు బావిలోకి ఊరుతోంది. అంత పెద్ద నగరానికే తెలియలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఈ వేసవిలో మా ఇంట్లో దొడ్డి కట్టాలనుకుంటున్నారు. తాత అనుకున్న చోటు బావికి 14 అడుగులు. ఆ బావి నీళ్ళే మా ఐదిళ్ళ వాళ్ళం తాగుతాం. తాత 10 అడుగుల లోతు తవ్వాలంటాడు. "లోతుంటే నా జన్మలో నిండదు" అంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు, పెద్ద గొయ్యి ఆలస్యంగా నిండుతుంది. కానీ నేను బావిలోకి రాయి కట్టిన తాడు దించి కొలిచాను. పోయిన మేలో నీళ్ళు నేలకు 21 అడుగుల కింద ఉన్నాయి. దసరా సెలవుల్లో 6 అడుగుల కిందే ఉన్నాయి. అంటే 10 అడుగుల గొయ్యిలో అడుగు 4 అడుగులు వానాకాలమంతా బావి నీళ్ళలోనే మునిగి ఉంటుంది.

"మీ మేష్టర్లు మన నేల చూశారా?" అన్నాడు తాత. మేష్టర్లను నమ్మొద్దు, తాడు ముడి చూడు తాతా అన్నాను. తనే తాడు పట్టుకుని మళ్ళీ కొలిచాడు. చోటు మార్చడానికి ఒప్పుకున్నాడు. లోతు తగ్గించడానికి ఇంకా ఒప్పుకోలేదు. అందుకే ఈ పాఠం ఇంకో కాగితం మీద కూడా రాశాను, ఇంటికి తీసుకుపోవడానికి.

దొడ్డికి చెయ్యాల్సినవి ఇవి:

– నీళ్ళు పైకి ఉన్నచోట గొయ్యి లోతు పెంచకూడదు, తగ్గించాలి. ఒక్క లోతు గొయ్యి బదులు 3, 4 అడుగుల గోతులు రెండు తియ్యాలి. ఒకటి నిండితే మూసి రెండోది వాడాలి. మూసినదాన్ని రెండేళ్ళు వదిలేస్తే ఎరువు అవుతుంది.
– గొయ్యి అడుగుకూ వానాకాలం నీటిమట్టానికీ మధ్య 2 మీటర్ల పొడి మట్టి ఉంటే మంచిది. క్రిములు ఆ మట్టిలో ఆగిపోతాయి.
– అంత ఎడం లేకపోతే బావికి కనీసం 10 మీటర్లు, అంటే 33 అడుగులు దూరం ఉండాలి. ఎంత దూరమైతే అంత మంచిది. బావికి పల్లం వైపు ఉండాలి, మెరక వైపు వద్దు.
– ఇసుక, గులకరాళ్ళ నేల అయితే గొయ్యి అడుగు సిమెంటుతో మూసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపాలి.
– నీళ్ళు నేల దాకా వచ్చే చోట గొయ్యి గోడను నీళ్ళు వచ్చే ఎత్తుకు ఇంకో అడుగు పైకి లేపి, చుట్టూ మట్టి దిమ్మ కొట్టాలి. దొడ్డి గది కూడా అంతకంటే ఎత్తులో ఉండాలి. రెండు మూడు మెట్లు ఎక్కాలి, ముసలివాళ్ళకు పట్టుకోవడానికి కర్ర పాతాలి.

5. ఆలోచించండి, జవాబు చెప్పండి

అ) ఒక ఇంటి బావిలో నీళ్ళు మేలో 18 అడుగుల కింద, సెప్టెంబరులో 5 అడుగుల కింద ఉన్నాయి. దొడ్డి గొయ్యికి ఏ అంకె చూడాలి? బావికి ఏ అంకె చూడాలి?
ఆ) 4 అడుగుల వెడల్పు బావిలో 2 అడుగుల నీళ్ళు ఉన్నాయి. 10 లీటర్ల బకెట్‌తో ఎన్ని బకెట్లు?
ఇ) మీ ఇంటి దొడ్డికీ తాగే నీళ్ళ బావికీ ఎన్ని అడుగులు?

మొదటి రెండిటి జవాబులు రాసి ఈ కాగితం కింద ఉన్న దారానికి గుచ్చండి. మూడోదానికి జవాబు ఇక్కడ దొరకదు. సెలవులకు పోయినప్పుడు తాడు, రాయి తీసుకుని మీరే కొలవాలి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని