ఆ శాండర్ వెనక్కి ఇచ్చెయ్యి చెల్లీ

చెల్లీ, నిన్న వీడియో కాల్‌లో పిట్స్‌బర్గ్‌లో మీరు కొన్న చెక్క ఇల్లు చూసి ఎంత మురిసిపోయానో! 1920ల నాటిదన్నావు, ఆ వరండా ఎంత కళగా ఉందో. కానీ పెచ్చులూడుతున్న గోడ పక్కనే మరిదిగారు అద్దెకు తెచ్చిన శాండర్ మెషీన్ కనబడగానే గుండె గుభేలుమంది. రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందు కట్టిన ఇల్లంటే కింది పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. మెషీన్ పెట్టి రుద్దితే అది పొడై లేచి, కిటికీల్లోంచి వచ్చి నేలమీద పడుతుంది. ఆ నేలమీద పాకేది మన బుజ్జిదే కదమ్మా! చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ వయసులో సీసం ఒంట్లోకి పోతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది, మళ్లీ సరిచేసుకోలేం.

ముందు రంగు పెచ్చొకటి ల్యాబ్‌కి పంపించు. సీసం ఉందని తేలితే ఈ పనికి సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పిలవండి. ఖర్చెక్కువే, అయినా పిలవండి. మీరే చేసుకోక తప్పదంటే, తడిపి గీకాలి. గోడ కింద పదడుగుల దాకా మందపాటి ప్లాస్టిక్ పరిచి, కిటికీలు బిగించి, నీళ్లు చల్లుకుంటూ చేతి స్క్రేపర్‌తో పలక పొడవునా లాగాలి. గుడ్డ మాస్కు చాలదు, హెపా ఫిల్టరున్నది కావాలి. ఆ బట్టలతో ఇంట్లోకి రావద్దు, విడిగా ఉతకండి. మంట పెట్టి కాల్చే పద్ధతి మాత్రం వద్దే వద్దు.

అంతా గీకక్కర్లేదు తెలుసా? గట్టిగా పట్టుకున్న రంగును అలాగే ఉంచి, ఊడొచ్చేదాన్నే తీస్తే చాలు. మా గ్యారేజీకి మేం చేసిన తప్పు మీరు చేయకండి. ప్రెషర్ వాషర్‌తో కడిగేసి మర్నాడే ప్రైమర్ కొట్టాం. పలకల వెనక్కి పోయిన తడి ఆరనే లేదు, ఏడాది తిరక్కుండా రంగంతా బుడగలే. చెక్క బాగా ఆరాలి. ఆరాక వారాల తరబడి ఎండకు వదలకుండా ప్రైమర్ వేసెయ్యాలి.

అన్నట్టు, నాన్న ఈ సంక్రాంతికి అమ్మమ్మగారింటి టేకు తలుపులు గీకిస్తానంటున్నారు. మన దేశంలో రంగుల్లో సీసానికి 90 పీపీఎం హద్దు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, ఆ తలుపుల రంగు ఏనాటిదో! ఆయనకూ ఇదే చెప్పాను.

బుజ్జిదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు రక్తంలో సీసం పరీక్ష అడుగు, మర్చిపోకు. శాండర్ ఇచ్చేశాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.