అరకు సంతలో బేరం

అరకు లోయ చూడముచ్చటైన చోటు. ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 2022కు ముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. బస్సు ఉంది, రైలు ఉంది. రైలు కొండల నడుమ సొరంగాల్లోంచి వెళుతుంది. దారిలో బొర్రా గుహలు వస్తాయి.

చూడటానికి వెళ్ళినవారు ఊరికే తిరిగి రారు. కాఫీ పొడి, తేనె, పసుపు, మిరియాలు, రాజ్మా గింజలు కొనుక్కుంటారు. ఇవన్నీ ఏజెన్సీలో పండేవి, దొరికేవి.

అనకాపల్లి దగ్గర ఒక ఊరు. ఆ ఊరి పొదుపు సంఘం మహిళలు ఎనిమిది మంది అరకు వెళ్ళారు. అందరూ పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవారే. తలా కొంత డబ్బు కొంగున కట్టుకుని వచ్చారు.

పసుపు ప్యాకెట్టు

ఒక దుకాణంలో పసుపు ప్యాకెట్టు 50 రూపాయలు. పక్క దుకాణంలో 60 రూపాయలు.

“యాభైకే ఇస్తున్నాడు. ఇదే చౌక” అంది ఒకామె.

“ఆగవే! ధర చూశావు సరే, తూకం చూశావా?” అంది పెద్దావిడ.

ప్యాకెట్టు తిప్పి చూశారు. మొదటి దానిమీద 200 గ్రాములు అని ఉంది. రెండో దానిమీద 250 గ్రాములు అని ఉంది. లెక్క వేశారు. మొదటిది కిలో 250 రూపాయలు పడుతుంది. రెండోది 240 రూపాయలే.

“అమ్మో! తక్కువ అనుకున్నదే ఎక్కువన్నమాట!”

ప్యాకెట్టు మీద గరిష్ఠ ధర కూడా ఉంటుంది. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అంతకు మించి అడిగితే ఇవ్వనక్కరలేదు. తగ్గించమని మాత్రం అడగవచ్చు.

కాఫీ పొడి

అరకు కాఫీకి పెద్ద పేరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజన రైతులు కాఫీ పండిస్తారు. అదే చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొన్ని పొడుల్లో చికోరి కలుపుతారు. చికోరి అంటే ఒక వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. కలపడం తప్పు కాదు. అయితే కాఫీ ఎంత, చికోరి ఎంత అన్నది ప్యాకెట్టు మీద వేయాలి. చికోరి ఎక్కువగా ఉంటే ధర తగ్గాలి. ప్యాకెట్టు మీద ఇంగ్లీషు ఉందని వదిలేయకూడదు. అంకెలు మనకు తెలిసినవే. మిగతాది దుకాణదారుని చదివి చెప్పమనాలి.

తేనె

దారి పక్కన పాత సీసాల్లో తేనె అమ్ముతున్నారు. సీసా మీద చీటీ లేదు. నీళ్లలో ఒక చుక్క వేసి “చూడండమ్మా, అసలు తేనె” అంటున్నారు. ఆ పరీక్షతో కల్తీ తేలదు. పాకం కలిపినా అలాగే కనపడవచ్చు.

వారు గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్ళారు. దళారుల మోసం నుంచి గిరిజనులను కాపాడటానికి ఈ సంస్థను 1956లో పెట్టారు. గిరిజనులు సేకరించిన అటవీ సరుకును కొని అమ్ముతుంది. సీసా మీద తూకం, ధర, తేదీ ఉన్నాయి.

“కిలో అన్నారు, సీసా ఇంత చిన్నదేమిటి?” అని ఒకామె అడిగింది.

తేనె నీళ్లకంటే బరువు. లీటరు తేనె సుమారు 1,400 గ్రాములు తూగుతుంది. అందుకే కిలో తేనెకు చిన్న సీసా చాలు.

రాజ్మా కుప్ప

సంతలో ఒక గిరిజన మహిళ రాజ్మా గింజలు కుప్ప పోసుకుని కూర్చుంది. డబ్బాతో కొలిచి ఇస్తోంది. డబ్బా 100 రూపాయలు.

“అరవైకి ఇస్తావా?” అని ఒకామె గీసి గీసి బేరం మొదలుపెట్టింది.

“గిట్టదమ్మా. కొండ మీంచి మోసుకొచ్చాను” అంది ఆమె.

పెద్దావిడ అడ్డుపడింది. పక్క కొట్లో డబ్బాడు గింజలు తూయించింది. 800 గ్రాములు తూగాయి. ఆ కొట్లో కిలో 150 రూపాయలు. అంటే 800 గ్రాములు 120 రూపాయలు.

“చూశావా! ఈమె అడిగిందే తక్కువ. మనం బెల్లం దిమ్మలు అమ్మబోతే దళారి సగం ధరకు అడుగుతాడు. అప్పుడు మన కడుపు మండదా?”

బేరమాడినామె మాట్లాడలేదు. 100 రూపాయలు తీసి ఇచ్చింది. రాజ్మా అమ్మే మహిళ నవ్వి గుప్పెడు గింజలు కొసరు వేసింది.

బేరం ఆడటం తప్పు కాదు. తూకం, ధర తెలుసుకుని ఆడాలి. కొన్నవారికీ అమ్మినవారికీ గిట్టేదే మంచి బేరం.

గుర్తుంచుకోండి

1. రెండు మూడు చోట్ల ధర అడగండి.
2. ధరతోపాటు తూకం చూడండి. కిలోకు ఎంత పడుతుందో లెక్కవేయండి.
3. ప్యాకెట్టు మీద తేదీ చదవండి.
4. దుకాణంలో కొంటే రశీదు అడగండి.
5. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు.

లెక్క చేయండి

ఒక కొట్లో 400 గ్రాముల చింతపండు 60 రూపాయలు. ఇంకో కొట్లో 500 గ్రాములు 70 రూపాయలు. ఏది చౌక?

చర్చించండి

మీరు పండించింది అమ్మేటప్పుడు ధర ఎవరు చెబుతారు? మీరా, కొనేవారా?