కాటా నేర్పే రసాయన పాఠం: యథార్థత, ఖచ్చితత్వం, సార్థక అంకెలు

రాజవొమ్మంగి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల చింతపండును గిరిజన సహకార సంస్థ (స్థాపన: 1956) తూచి కొంటుంది. 5.00 కిలోల ప్రమాణ తూకపురాయిని ఒక కాటా వరుసగా 4.80, 4.81, 4.80గా చూపిందనుకుందాం.

• ఖచ్చితత్వం: రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం. ఈ కాటాకు ఉంది.

• యథార్థత: నిజ విలువకు దగ్గరగా ఉండటం. ఇది లేదు. దీనికి కారణం క్రమదోషం, అంటే ప్రతిసారీ ఒకే వైపుకు వచ్చే పొరపాటు. సగటు తీసినా పోదు, కాటాను సరిచేయాల్సిందే.

• సార్థక అంకెలు: కొలతలో నిశ్చితంగా తెలిసిన అంకెలు, చివరి అంచనా అంకె కలిపి. 5.00లో 3, 0.0250లోనూ 3. ముందున్న సున్నాలు లెక్కకు రావు.

• గుణకారంలో తక్కువ సార్థక అంకెలున్న సంఖ్యే హద్దు: 2.5 × 1.25 = 3.1.

• కూడికలో తక్కువ దశాంశ స్థానాలున్న సంఖ్య హద్దు: 12.4 + 0.36 = 12.8.

గుర్తుంచుకోండి: తూనికలు, కొలతలకు వర్తించేది లీగల్ మెట్రాలజీ చట్టం, 2009. అమలు: 2011 ఏప్రిల్ 1.