ల్యాప్‌టాప్ సన్నగా ఉంటే చాలా?

మన హాస్టల్లో చదువుకుని డిగ్రీలోనో, ఇంజనీరింగ్‌లోనో చేరిన తమ్ముళ్ళు ఫోన్ చేస్తే, కుశల ప్రశ్నలు అయ్యాక వచ్చే మాట ఒకటే. "అన్నా, ఏ ల్యాప్‌టాప్ కొనమంటావు?" దాని వెనకే ఇంకో మాట. "సన్నగా ఉండి, టచ్ స్క్రీన్ ఉంటే బాగుంటుంది కదన్నా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఈ వార్షికోత్సవ సంచికలో అందరికీ కలిపి రాస్తున్నాను. మిర్చి అమ్మిన డబ్బో, అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పో పెట్టి కొనే వస్తువు ఇది. నాలుగేళ్ళు నిలబడాలి. అప్పు తీరకముందే చెడిపోతే రెండోది కొనిచ్చేవారు మనకు లేరు.

సన్నదనం గురించి మన ప్రాంతం వాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఎంత పలుచగా చీలిస్తే పలక అంత తేలిక, కానీ చెయ్యి జారితే అంత తొందరగా పగులుతుంది. అందుకే చుట్టూ చెక్క ఫ్రేము బిగించారు. దానివల్ల బరువూ మందమూ పెరిగాయి, కానీ పలక పిల్లవాడి చేతిలో నిలిచింది. ల్యాప్‌టాప్ తయారుచేసేవారికీ ఇదే లెక్క. మందం తగ్గించాలంటే లోపల ఏదో ఒకటి తీసెయ్యాలి. ఏది తీసేశారో షాపులో ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

ఈ సన్నదనం మోజు ఎక్కడ మొదలైందో చూద్దాం. 2008 జనవరిలో ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక కాగితం కవరులోంచి ల్యాప్‌టాప్ బయటికి తీశాడు. అదే మాక్‌బుక్ ఎయిర్. మందం ఎక్కువ ఉన్నచోట 1.94 సెంటీమీటర్లు, అంచు దగ్గర 0.4 సెంటీమీటర్లు, బరువు 1.36 కిలోలు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అయితే అందులో సీడీ డ్రైవ్ లేదు, నెట్ కేబుల్ పెట్టే చోటు లేదు, యుఎస్‌బి ఒక్కటే. బ్యాటరీ మనం మార్చుకునేది కాదు. ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేశారు. 2011లో ఇంటెల్ 'అల్ట్రాబుక్' అనే పేరు పెట్టి మిగతా కంపెనీలను కూడా అదే దారిలో నడిపించింది.

పోటీ ఎంతదాకా వెళ్ళిందంటే, 2015లో ఆపిల్ మీటలను కూడా పలుచన చేసింది. ఆ 'బటర్‌ఫ్లై' కీబోర్డులో చిన్న దుమ్ము రేణువు పడినా మీట పనిచేయకపోవడమో, ఒక అక్షరం రెండుసార్లు పడడమో జరిగేది. 2018లో కంపెనీ ఉచితంగా బాగుచేసే పథకం పెట్టవలసి వచ్చింది. 2019 చివర్లో పాత పద్ధతి మీటలకు తిరిగి వచ్చింది. కొన్నవాళ్ళు అమెరికా కోర్టులో వేసిన దావాను 2022లో 5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. 2021లో వచ్చిన 16 అంగుళాల మాక్‌బుక్ ప్రో అంతకుముందు దానికంటే కాస్త మందమే. 1.62 సెంటీమీటర్ల నుంచి 1.68కి పెరిగింది, తీసేసిన హెచ్‌డిఎంఐ పోర్టు, మెమరీ కార్డు స్లాటు మళ్ళీ వచ్చాయి. అంత పెద్ద కంపెనీకే ఆరేళ్ళు పట్టింది. దుమ్ము లేని అమెరికా ఆఫీసుల సంగతే అలా ఉంటే, మే నెలలో యర్రగొండపాలెం బస్టాండ్ దుమ్ము సంగతి వేరే చెప్పాలా?

వేడి ఇంకొకటి. ప్రాసెసర్ పనిచేస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని రాగి గొట్టాలు, ఫ్యాను కలిసి బయటికి పంపాలి. సన్నటి పెట్టెలో వాటికి చోటు తక్కువ. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రేకుల గదిలో ఎండాకాలం మధ్యాహ్నం ప్రోగ్రామ్ నడిపితే 'కొత్త ల్యాప్‌టాప్ ఎందుకింత నెమ్మది' అనిపించేది ఇందుకే. 2020లో వచ్చిన ఎం1 చిప్ మాక్‌బుక్ ఎయిర్ ఫ్యాను లేకుండానే బాగా పనిచేసిందన్నది నిజం. దాని ధర మన మాట కాదు.

నా క్లాస్‌మేట్ ఒకడు మొదటి సంవత్సరంలోనే సన్నటి టచ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. చూడడానికి అద్దంలా ఉండేది. మేమంతా దాన్ని ఒకసారి తాకి చూసినవాళ్ళమే. రెండో సంవత్సరంలో 4 జీబీ ర్యామ్ చాలక ప్రోగ్రాములు ఆగిపోవడం మొదలైంది. ఒంగోలులో రిపేరు చేసే ఆయన వెనక మూత విప్పి, "ర్యామ్ బోర్డుకే అతికించేశారు బాబూ, ఇంకొకటి పెట్టడానికి స్లాటే లేదు" అన్నాడు. మూడో సంవత్సరంలో స్క్రీన్ పగిలింది. టచ్ గాజు, డిస్‌ప్లే కలిపి అతికించి ఉన్నందువల్ల రెండూ కలిపే మార్చాలన్నారు. వాడు ప్రాజెక్టు రిపోర్టు నా ల్యాప్‌టాప్ మీద పూర్తిచేశాడు. నాది ఆఫీసువాళ్ళు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్‌ది, రెండు కిలోల పైనే ఉంటుంది. దానికి నేనే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డి వేయించుకున్నాను. మా వాడి ఎంపికను నేను తప్పుపట్టడం లేదు. డబ్బుంటే ఆ రోజు నేనూ అదే కొనేవాడిని.

ఇక టచ్ స్క్రీన్. ఇదేమీ నిన్న మొన్నటిది కాదు. హెచ్‌పీ కంపెనీ 1983లోనే టచ్ కంప్యూటర్ అమ్మింది. ఎదురుగా నిలబడి ఉన్న తెర మీద చెయ్యి చాచి పనిచేస్తే పది నిమిషాల్లో భుజం లాగుతుంది. గోడకున్న నల్లబల్ల మీద గంటసేపు రాసిన మాస్టారిని అడిగినా చెబుతారు. ఒళ్ళో పెట్టుకున్న పలకకు ఆ ఇబ్బంది లేదు. అందుకే టచ్ ఫోనుకు, టాబ్‌కు కుదిరినంతగా ల్యాప్‌టాప్‌కు కుదరలేదు.

మన దేశంలో విద్యార్థుల కోసం టచ్ అంటే 'ఆకాశ్' టాబ్లెట్ గుర్తుకు రావాలి. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదల చేశారు. మొదటి విడత అమర్చింది మన హైదరాబాదులోనే. 7 అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్. ఆ తెర రెసిస్టివ్ రకం, అంటే పై పొరను నొక్కితే కింది పొరకు తగలాలి. బలపంతో నొక్కినట్టు నొక్కాలి. ఇప్పటి ఫోన్లలో ఉండేది కెపాసిటివ్ రకం, వేలి స్పర్శతో మారే విద్యుదావేశాన్ని గుర్తిస్తుంది. మరుసటి ఏడాది ఆకాశ్-2లో అదే పెట్టారు. సరిగ్గా ఆకాశ్‌కు 20 రోజుల ముందు, 2011 సెప్టెంబర్ 15న, పక్కనున్న తమిళనాడు తన విద్యార్థులకు ఉచితంగా మామూలు ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. సన్నగా లేవు, టచ్ లేదు, కీబోర్డు ఉంది. నన్నడిగితే తమిళనాడు ఎంపికే సరైనదంటాను.

మన రాష్ట్రంలో 2022 డిసెంబర్ 21న 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు టాబ్‌ల పంపిణీ మొదలైంది. మొత్తం 5 లక్షల 18 వేలకు పైగా టాబ్‌లు. పాఠం వీడియో చూడడానికి, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి గుండె గదులు చూడడానికి అవి బాగా పనికివస్తాయి. కానీ ఆ తెర మీద రెండు పేజీల వ్యాసం టైపు చేయండి చూద్దాం. తెర మీది కీబోర్డే సగం స్థలం తినేస్తుంది. చదవడానికి టచ్, రాయడానికి మీటలు అని నేను నిర్ణయించుకున్నది అక్కడే. కెమిస్ట్రీ నిర్మాణాలు, లెక్కలు, డ్రాయింగ్ చేసేవారికి మాత్రం పెన్నుతో రాసే టచ్ స్క్రీన్ నిజంగా సాయం. రోజూ ఆర్టీసీ బస్సులో నిలబడి కాలేజీకి పోయివచ్చేవారికి తక్కువ బరువు కూడా అంతే. వాళ్ళు దానికోసం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

సన్నదనం దానంతటదే శత్రువు కాదు. 2021లో అమెరికాలో 'ఫ్రేమ్‌వర్క్' అనే కంపెనీ 1.6 సెంటీమీటర్ల లోపు మందంతోనే ర్యామ్, బ్యాటరీ, తెర, పోర్టులు అన్నీ ఒక్క స్క్రూడ్రైవర్‌తో మార్చుకునే ల్యాప్‌టాప్ చేసి చూపించింది. కాబట్టి షాపులో మందం కొలవకండి, ఇవి అడగండి. ర్యామ్ పెంచుకునే స్లాటు ఉందా? ఎస్‌ఎస్‌డి మార్చుకోవచ్చా? బ్యాటరీ విడిగా దొరుకుతుందా? సర్వీస్ సెంటర్ ఒంగోలులో ఉందా, విజయవాడ పోవాలా? వారంటీ ఎన్నేళ్ళు? తర్వాత మూతను పదిసార్లు తెరిచి మూసి చూడండి. తలుపు బందుల్లాంటి ఆ హింజులే ముందు విరిగేవి. సెకండ్ హ్యాండ్ కొనేవారు ఇంటెల్ అయితే 8వ తరం, అంతకంటే కొత్త ప్రాసెసర్ చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అంతకంటే పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా ఇవ్వరు. అలాంటిదే చేతిలో ఉంటే పారేయవద్దు. లినక్స్ వేసుకోండి, ఉచితం.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నా ల్యాప్‌టాప్ హాస్టల్‌కు తెస్తాను. వెనక మూత విప్పి ఏది ఎక్కడుందో చూపిస్తాను. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే తీసి ఉంచండి. నాది పోయింది.