మన వీధి చివరి చిన్న బడి: చేర్చే ముందు ఏం చూడాలి?

ప్రతి ఏటా సంక్రాంతి దాటగానే మా తెలుగు బడిలో తల్లిదండ్రుల మధ్య ఒకే ప్రశ్న మొదలవుతుంది. "మా అబ్బాయి ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాలండీ. మా ఇంటి దగ్గర ఉన్నది చాలా చిన్న స్కూలు. గ్రేడుకి ఒక్కటే క్లాసు. ఇంటర్నెట్‌లో పదికి ఆరే ఇచ్చారు. చేర్చమంటారా, ఇల్లు మారమంటారా?"

ఇల్లు మారడం అంటే చిన్న మాట కాదు. అద్దె పెరుగుతుంది, ఆఫీసు దూరమవుతుంది, ఇప్పుడిప్పుడే ఏర్పడ్డ ఇరుగుపొరుగు పోతుంది. అంత పని ఒక్క అంకెను చూసి చేయకూడదు. ఆ అంకె ఎక్కడ నుంచి వస్తుంది, అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నవి తెలుసుకుందాం. మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాం కనుక ఇక్కడి పద్ధతులే రాస్తున్నాం. వేరే రాష్ట్రాల్లో పేర్లు, తేదీలు మారతాయి. ఆలోచించే తీరు మాత్రం అదే.

1. ముందు మీ బడి ఏదో తేల్చుకోండి

ఇల్లు చూపించిన ఏజెంటు మాట మీద ఆధారపడకండి. స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి మీ అడ్రసు చెప్పి అడగండి. వీధికి ఇటు ఒక బడి, అటు ఒక బడి ఉండటం మామూలే. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఈ గ్రేడులో సీట్లు నిండిపోతే మా పిల్లను ఎక్కడికి పంపిస్తారు?" గ్రేడుకి ఒకటే క్లాసు ఉన్న చోట సీట్లు త్వరగా నిండుతాయి. ఆలస్యంగా వచ్చిన వారిని అదే డిస్ట్రిక్ట్‌లో వేరే బడికి పంపవచ్చు. కనుక రిజిస్ట్రేషన్ తెరిచిన వారంలోనే చేర్పించడం మేలు.

సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. ఆ తేదీకి నాలుగేళ్ళు నిండిన వారందరికీ 2025-26 నుంచి ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్‌లో చోటు ఉంది. వయసుకు, చిరునామాకు, టీకాలకు రుజువులు చూపించాలి. వీసా ఏమిటన్న దానిని బట్టి ప్రభుత్వ బడి ఏ పిల్లవాడినీ కాదనకూడదని సుప్రీం కోర్టు 1982లోనే తీర్పు చెప్పింది.

2. చిన్న బడి, పెద్ద శాతం

ఇక్కడ మూడో గ్రేడు నుంచి ప్రతి వసంతంలో ఇంగ్లీషులోను, లెక్కల్లోను రాష్ట్ర పరీక్షలు ఉంటాయి. బయట కనిపించే రేటింగులకు ముఖ్యమైన ముడిసరుకు ఇవే. చిన్న బడిలో ఈ శాతాలను జాగ్రత్తగా చదవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడో గ్రేడులో 20 మంది ఉన్నారు. ఒక ఏడాది 12 మంది నిర్ణీత స్థాయి అందుకున్నారు, అంటే 60 శాతం. మరుసటి ఏడాది 15 మంది, అంటే 75 శాతం. ఆ తర్వాత ఏడాది 11 మంది, అంటే 55 శాతం. పైకి చూస్తే బడి ఒక్కసారిగా ఎగిరి, మళ్ళీ కూలిపోయినట్టు ఉంటుంది. నిజానికి టీచరు అదే మనిషి, పుస్తకాలు అవే. మారింది పిల్లలే. ఇరవై మంది ఉన్న చోట ఒక్కొక్క పిల్లవాడి బరువు 5 శాతం. ఆ రోజు ఇద్దరికి జ్వరం వస్తే చాలు, అంకె మారిపోతుంది. 120 మంది ఉన్న చోట ముగ్గురు అటూ ఇటూ అయినా తేడా రెండున్నర శాతమే.

అందుకని చిన్న బడిని ఒక ఏడాది అంకెతో కొలవకండి. మూడేళ్ళవి కలపండి. పై ఉదాహరణలో మొత్తం 60 మందిలో 38 మంది, అంటే సుమారు 63 శాతం. ఇది కొంత నమ్మదగ్గ అంకె. పరీక్ష రాసినవారు పది మంది, అంతకన్నా తక్కువ ఉంటే పిల్లల వివరాలు బయటపడకూడదని ఫలితాలే ప్రకటించరు. ఆ ఖాళీ గడిని చూసి ఏదో దాస్తున్నారని అనుకోవద్దు.

మరో మాట. పరీక్ష మార్కులకు, తల్లిదండ్రుల చదువుకు, ఆదాయానికి దగ్గరి సంబంధం ఉంది. ఎక్కువ మార్కులు వచ్చిన చోట బడి బాగా చెప్పి ఉండవచ్చు, పిల్లలు ఇంటి దగ్గరే నేర్చుకుని వచ్చి ఉండవచ్చు. ఏ స్థాయిలో ఉన్నారు అన్నదానితో పాటు, ఏడాదికేడాది ఎంత ఎదుగుతున్నారు అన్నది కూడా చూడాలి.

3. కాగితం మీద చూడవలసినవి

ప్రతి ప్రభుత్వ బడి ఏటా ఫిబ్రవరి 1 లోగా ఒక రిపోర్ట్ కార్డ్ ప్రకటించాలి. పిల్లలకిచ్చేది కాదు, బడి తన గురించి తాను ఇచ్చేది. 1988లో ఓటర్లు ఆమోదించిన 98వ ప్రతిపాదనతో ఇది వచ్చింది. అందరూ మార్కుల పేజీ చూసి మూసేస్తారు. మేము ముందు చూడమనేవి వేరే పేజీలు: పూర్తి అర్హత గల టీచర్లు ఎంతమంది, క్లాసుకి సగటున ఎందరు పిల్లలు, పుస్తకాలు అందరికీ ఉన్నాయా, భవనం పరిస్థితి ఎలా ఉంది, ఎంతమందిని సస్పెండ్ చేశారు.

2017 నుంచి రాష్ట్రం డాష్‌బోర్డ్ అని ఒకటి నడుపుతోంది. ఎరుపు నుంచి నీలం దాకా అయిదు రంగులు. ఇప్పటి స్థితి, నిరుటికన్నా మార్పు, రెండూ కలిపి రంగు ఇస్తారు. 30 మంది కన్నా తక్కువ ఉన్న గుంపుకి రంగు ఉండదు. చిన్న బడికి చాలా గళ్ళలో రంగు లేకపోవడం అందుకే.

4. ఒక పూట బడికి వెళ్ళి చూడండి

కాగితం చెప్పనివి కళ్ళతో చూడాలి. ముందుగా అడిగి, పిల్లలు ఉన్న వేళలో వెళ్ళండి. ఈ ప్రశ్నలు రాసుకుని తీసుకువెళ్ళండి:

- రెండు గ్రేడులు కలిపిన కాంబినేషన్ క్లాసులు ఉన్నాయా? ఉంటే లెక్కలు ఎవరికి ఎప్పుడు చెబుతారు?
- నర్సు, కౌన్సెలరు, సంగీతం టీచరు వారంలో ఎన్ని రోజులు ఉంటారు? చిన్న బడులు వీరిని ఇతర బడులతో పంచుకుంటాయి.
- లైబ్రరీ రోజూ తెరిచి ఉంటుందా? పిల్లలు పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?
- చదవడంలో వెనకబడిన పిల్లవాడిని ఎన్ని వారాల్లో గుర్తిస్తారు? ఆ తర్వాత ఏం చేస్తారు?
- మూడేళ్ళలో ఎంతమంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళు మారారు?
- బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉందా?

రిసెస్ సమయంలో కాసేపు నిలబడి చూడండి. ఒంటరిగా ఉన్న పిల్ల దగ్గరికి పెద్దవారెవరైనా వెళ్ళారా? చిన్న బడికి ఉన్న గొప్ప బలం ఇదే. ప్రిన్సిపాల్‌కి ప్రతి పిల్లవాడి పేరు తెలుస్తుంది. బలహీనత కూడా అక్కడే ఉంది. గ్రేడుకి ఒక్కటే క్లాసు కనుక, ఇద్దరు పిల్లలకు పడకపోతే ఆరేళ్ళూ కలిసే కూర్చోవాలి. టీచరుతో పొసగకపోతే పక్క క్లాసు అంటూ ఉండదు.

5. ఆ ఫారంలో "తెలుగు" అని రాయాలా?

చేర్పించే రోజున హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇస్తారు. అందులో నాలుగు ప్రశ్నలు: పిల్లవాడు మొదట నేర్చిన భాష, ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష, తల్లిదండ్రులు వాడితో మాట్లాడే భాష, ఇంట్లో పెద్దలు మాట్లాడే భాష. ఇక్కడ మనవాళ్ళలో కొందరు కలం ఆపేస్తారు. తెలుగు అని రాస్తే "ఇంగ్లీషు రాని పిల్ల" అని ముద్ర వేస్తారేమోనన్న భయం.

ఉన్నది ఉన్నట్టు రాయమనే మా సలహా. తెలుగు అని రాస్తే జరిగేది ఇది: చేరిన 30 రోజుల్లో ఎల్పాక్ అనే ఇంగ్లీషు పరీక్ష పెడతారు. బాగా వస్తే అంతటితో సరి. రాకపోతే రోజూ కొంతసేపు ఇంగ్లీషులో అదనపు సహాయం అందుతుంది, నిలదొక్కుకున్నాక ఆ జాబితా నుంచి తీసేస్తారు. ఇది ఊరికే దొరికిన హక్కు కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లల కుటుంబాలు కోర్టుకు వెళితే, 1974లో సుప్రీం కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ పోరాటం ఫలితం మన పిల్లలకూ అందుతోంది.

ఇంకో లాభం ఉంది. ఒక బడిలో 15 శాతం, ఆ పైన పిల్లల మాతృభాష ఒకటే అయితే, ఆ తల్లిదండ్రులకు బడి పంపే నోటీసులు ఆ భాషలో కూడా ఉండాలని రాష్ట్ర చట్టం. లెక్క పెట్టేది ఈ కాగితాల నుంచే. చిన్న బడిలో ఆ 15 శాతం అందుకోవడం తేలిక. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, నాయనమ్మ కూడా మనవరాలి బడి కాగితం చదువుకోగలిగితే ఎంత బాగుంటుంది!

6. ఇండియా ప్రయాణం, హాజరు

ఇక్కడ బడికి డబ్బు హాజరును బట్టి వస్తుంది. బడి ఏడాది సాధారణంగా 180 రోజులు. అందులో పదో వంతు, అంటే 18 రోజులు రాకపోతే ఆ పిల్లవాడిని దీర్ఘకాలం గైర్హాజరైన వారిలో లెక్కిస్తారు. కారణం చెప్పి సెలవు పెట్టినా ఆ లెక్కలోకే వస్తుంది. చిన్న బడిలో నాలుగైదు కుటుంబాలు కలిసి సంక్రాంతికి వెళితే డాష్‌బోర్డ్ మీద రంగు మారవచ్చు. వెళ్ళవద్దని మేము అనము. తాతగారి ఊరు చూడటం కూడా చదువే. టిక్కెట్లు కొనే ముందు ఆఫీసులో ఇండిపెండెంట్ స్టడీ ఒప్పందం గురించి అడగండి. ఇచ్చిన పని పూర్తి చేసి తెస్తే చాలావరకు గైర్హాజరు పడదు.

7. బడి ఉంటుందా, మూస్తారా?

ఇది అడగడానికి మొహమాటపడవద్దు. కాలిఫోర్నియా ప్రభుత్వ బడుల్లో పిల్లల సంఖ్య తగ్గుతోంది. 2021-22లో 60 లక్షల దిగువకు పడిపోయింది. పిల్లలు తగ్గినప్పుడు ముందు కన్ను పడేది చిన్న బడుల మీదే. డిస్ట్రిక్ట్ బోర్డు సమావేశాలు అందరికీ తెరిచి ఉంటాయి, మినిట్స్ చదవవచ్చు. అయిదేళ్ళ సంఖ్యలు చూడండి. మన పిల్లవాడి పేరు కూడా ఆ సంఖ్యలో ఒకటి అవుతుందని గుర్తుంచుకోండి.

పిల్లలూ, మీకు రెండు లెక్కలు

మొదటిది: ఒక బడిలో 220 మంది పిల్లలు. 35 మంది ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. 15 శాతం దాటిందా? అందులో అయిదుగురి అమ్మానాన్నలు ఫారంలో అన్నిచోట్లా "ఇంగ్లీషు" అని రాస్తే?

రెండోది: రవి ఇండియాకి వెళ్ళి 13 రోజులు బడికి రాలేదు. ఒప్పందం ఏమీ చేసుకోలేదు. తర్వాత దగ్గు, జ్వరంతో 5 రోజులు రాలేదు. 180 రోజుల్లో ఎంత శాతం?

జవాబులు: మొదటి దానికి దాదాపు 15.9 శాతం, దాటింది. అయిదుగురు తగ్గితే సుమారు 13.6, దాటలేదు. రెండో దానికి సరిగ్గా 10 శాతం, రవి పేరు ఆ జాబితాలో చేరింది.

చివరగా ఒక మాట. ఇంటికన్నా గుడి పదిలం అంటారు పెద్దలు. పిల్లలకు ఆ గుడి బడే. పదికి ఆరు వచ్చిన బడిని కొట్టిపారేయకండి, తొమ్మిది వచ్చిన బడికి కళ్ళు మూసుకుని దండం పెట్టకండి. మూడేళ్ళ అంకెలు, ఒక పూట సందర్శన, నాలుగు సూటి ప్రశ్నలు, ఇవి చాలు. చేర్చాక నెలకు ఒక గంట ఆ లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వెళ్ళండి. చిన్న బడిలో ఆ ఒక్క గంట అందరికీ కనిపిస్తుంది.